విదేశీ విద్యార్థి, గృహిణి వడ్డన: ప్రవాస విద్యా కథనాల్లో మొగమాటం – వెల – ఆతిథ్యం

వ్యాస సంగ్రహం:
చదువుకోసం ఇంగ్లండు వెళ్ళిన భారతీయ విద్యార్థులు అక్కడి కుటుంబాలతో కలిసి నివసించడం పంతొమ్మిదో శతాబ్ది చివరి పాదంలో ఒక అలవాటుగా స్థిరపడింది. ఈ జీవనాన్ని ప్రస్తావించే ఆత్మకథలను ‘పాశ్చాత్య ప్రభావం’ అనే దృష్టితో చదవడం మనకు పరిపాటి. ఈ వ్యాసం ఆ కథనాల్లోని భోజనబల్లను, వారపు బిల్లును, వడ్డించిన స్త్రీని కేంద్రంగా తీసుకొంటుంది. రవీంద్రనాథ్ టాగోర్, గాంధీ స్వీయ రచనలను తెలుగునాట ‘వారాలు’, ‘పూటకూళ్ళు’ అనే రెండు వ్యవస్థల వెలుగులో పరిశీలించి, డబ్బిచ్చి తిన్నవాడికీ మొగమాటం తప్పలేదనీ, ఆ మొగమాటమే ఈ చరిత్రకు ముఖ్యమైన ఆధారమనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ప్రవాస విద్య, ఆతిథేయ కుటుంబం, వారాలు, పూటకూళ్ళు, మొగమాటం, ఆత్మకథ, గృహిణి శ్రమ.

1. ప్రవేశిక:

విదేశీ విద్యార్థికి ఇంట్లో చోటిచ్చి, భోజనం పెట్టి, నెలల తరబడి తమలో ఒకడిగా ఉంచుకొనే కుటుంబాన్ని నేడు ‘ఆతిథేయ కుటుంబం’ అంటున్నాం. ఈ మాట ఇటీవలి అనువాదం. ‘అతిథి’ శబ్దానికి సంప్రదాయం చెప్పే వ్యుత్పత్తి తిథి నియమం లేనివాడని. ఎప్పుడు వస్తాడో తెలియదు, వచ్చినవాడు ఎక్కువ కాలం ఉండడు. విద్యార్థి అలాంటివాడు కాదు. ముందుగా ఉత్తరం రాసి వస్తాడు, రెండు మూడేళ్ళుంటాడు, వారంవారం డబ్బు చెల్లిస్తాడు. అతణ్ణి అతిథి అనడానికి శబ్దార్థం ఒప్పదు. బాడుగదారు అనడానికి ఇంటివారితో కలిసి చేసే భోజనం ఒప్పదు. ఇంగ్లీషు నుంచి మనం తెచ్చుకొన్న ‘పేయింగ్ గెస్ట్’ అనే మాటలోనూ ఈ వైరుధ్యమే ఉంది.

వైరుధ్యం మాటలో మాత్రమే లేదు, ఆ జీవనంలోనే ఉంది. కళాశాలలో విద్యార్థికి నియమాలు రాసి ఉంటాయి. బసచేసిన ఇంట్లో నియమాలు ఎక్కడా రాసి ఉండవు. ఎంత తినవచ్చు, ఏది వద్దనవచ్చు, ఇంటి ఆడపిల్లలతో ఎంత చనువుగా ఉండవచ్చు, బయట భోంచేసిన రోజు ఏం చెప్పాలి అన్న ప్రశ్నలకు విద్యార్థి రోజూ తానే సమాధానం వెదుక్కోవాలి. ఈ సమాధానాలు ఆత్మకథల్లో చిన్నచిన్న వాక్యాలుగా మిగిలాయి. వాటిని ఒకచోట చేర్చి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆధారాల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. గాంధీ 1888 నాటి సంగతులను 1925లో ‘నవజీవన్’ పత్రికలో ధారావాహికంగా రాయడం మొదలుపెట్టాడు. టాగోర్ ‘జీవన్‌స్మృతి’ 1912లో పుస్తకంగా వచ్చింది, అందులోని ఇంగ్లండు జ్ఞాపకాలు 1878–80 నాటివి. మూడు నాలుగు దశాబ్దాల తర్వాత, కీర్తి వచ్చాక చేసిన స్మరణలివి. అందుకే వీటిలోని తీర్పులకన్నా, తీర్పుకు సంబంధం లేకుండా పక్కన పడివున్న వివరాలకు ఇక్కడ ఎక్కువ విలువ ఇచ్చాను.

2. తెలుగునాట రెండు నమూనాలు – వారాలు, పూటకూళ్ళు:

పరాయి ఇంట తిని చదువుకోవడం తెలుగువారికి సముద్రం దాటాక ఎదురైన అనుభవం కాదు. ఊళ్ళో బడి లేక పట్నం చేరిన పేద బ్రాహ్మణ బాలుడు ఏడు ఇళ్ళవారిని బతిమాలి, వారంలో ఒక్కో రోజు ఒక్కో ఇంట భోజనం కుదుర్చుకొనేవాడు. దీన్నే ‘వారాలు చేసుకోవడం’ అన్నారు. ఇంటింటా తిరిగి వండిన అన్నం తెచ్చుకొనే ‘మధుకరం’ దీనికి పొరుగు వ్యవస్థ. వారాల పిల్లవాడు డబ్బివ్వడు. పెట్టినవారికి పుణ్యమని నమ్మకం, తిన్నవాడికి రుణభారం. ఏ ఇంట్లోనైనా ఆ రోజు ఆటంకం వస్తే అతడికి పస్తు.

ఈ వ్యవస్థకు కులపు గిరి ఉంది. వంటింటి గడప దాటి విస్తరి ముందు కూర్చోగల అర్హత పుట్టుకతోనే నిర్ణయమయ్యేది. ఆ అర్హత లేని కులాల పిల్లలకు పట్నంలో చదువంటే ముందు అన్నం సమస్య, ఆ తర్వాతే ఫీజు సమస్య. 1918లో హైదరాబాదులో మొదలైన రెడ్డి హాస్టల్ వంటి వసతిగృహాల అవసరాన్ని ఈ నేపథ్యంలోంచి చూడాలి. వారాల గురించి మురిపెంగా రాసిన జ్ఞాపకాలు ఈ గిరిని సాధారణంగా ప్రస్తావించవు.

రెండో నమూనా పూటకూళ్ళ ఇల్లు. ఇక్కడ పూటకింత అని వెల ఉంటుంది. నడిపేవారిలో వితంతువులు ఎక్కువ. ఇల్లే వ్యాపారస్థలం, వంటే పెట్టుబడి. టంగుటూరి ప్రకాశం తన ఆత్మకథ ‘నా జీవితయాత్ర’లో, తండ్రి మరణం తర్వాత తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి కుటుంబాన్ని పోషించిన సంగతి చెప్పాడు. సంఘం ఆ వృత్తిని చిన్నచూపు చూసిన కాలమది. అన్నం అమ్ముకోవడం తప్పన్న భావన వల్ల, అన్నం పెట్టే స్త్రీకి దక్కే గౌరవం పూటకూళ్ళమ్మకు దక్కలేదు.

దానం, వెల – ఈ రెండింటినీ తెలుగు సమాజం వేరువేరు ఇళ్ళలో ఉంచింది. లండన్‌లో భారతీయ విద్యార్థి బసచేసిన ఇల్లు వాటిని ఒకే బల్లమీదికి తెచ్చింది.

3. టాగోర్ – భయపడిన ఇల్లు:

టాగోర్ 1878లో పదిహేడేళ్ళ వయసులో ఇంగ్లండు చేరాడు. కొంతకాలం బ్రైటన్‌లో ఉండి, లండన్ వచ్చి, యూనివర్సిటీ కాలేజీలో చేరి హెన్రీ మోర్లీ దగ్గర ఇంగ్లీషు సాహిత్యం చదివాడు. డిగ్రీ తీసుకోకుండానే 1880లో తిరిగి వచ్చాడు. బస విషయంలో అతడికి మూడు రకాల అనుభవాలు కలిగాయి. మొదట రీజెంట్స్ పార్కు ఎదుట ఒంటరి గది, తర్వాత పిల్లలకు పాఠాలు చెప్పే ఒక శిక్షకుడి ఇల్లు, చివరకు డాక్టర్ స్కాట్ కుటుంబం.

రెండో ఇంట్లో భర్త భార్యను బాధించే తీరు చూసి టాగోర్ కలతపడ్డాడు. కుటుంబంతో నివసించే విద్యార్థి ఆ కుటుంబపు దుఃఖానికీ సాక్షి కాక తప్పదని దీనివల్ల తెలుస్తుంది. ఆంగ్ల గృహజీవనాన్ని ఆదర్శంగా వర్ణించిన పుస్తకాలు చదివి వెళ్ళినవాడికి ఈ సాక్ష్యం మరో పాఠం.

స్కాట్ ఇంటి ప్రవేశం గురించి టాగోర్ చెప్పిన వివరం ప్రత్యేకంగా గమనించదగింది. భారతీయుడొకడు ఇంట్లో ఉండబోతున్నాడని విని ఇద్దరు చిన్నకూతుళ్ళు భయపడి బంధువుల ఇంటికి వెళ్ళిపోయారు. అతడివల్ల ప్రమాదం లేదని తెలిశాకే తిరిగి వచ్చారు. విద్యార్థి మొగమాటం మనకు ఆత్మకథల ద్వారా తెలుసు. ఇంటివారికీ భయం, సంకోచం ఉన్నాయని చెప్పే అరుదైన చోటిది. కొద్ది నెలల్లోనే ఆ ఇంట అతడు కొడుకులా మెలిగాడు. సెలవు తీసుకొనే వేళ స్కాట్ భార్య అతడి చేతులు పట్టుకొని కన్నీరు పెట్టుకొంది. ఆమె భర్తృసేవను చూసి, హిందూ గృహిణి పాతివ్రత్యానికీ దీనికీ తేడా లేదని టాగోర్ భావించాడు.

ఈ పోలిక వెనుక పరిమితి కూడా ఉంది. యువకుడు కొత్త ఇంటిని తనకు తెలిసిన ఇంటి కొలతతోనే అర్థం చేసుకొన్నాడు. ఆమెలో తల్లిని, పతివ్రతను చూశాడు. డబ్బు పుచ్చుకొని ఇంటికొక మనిషిని అదనంగా పోషించిన గృహనిర్వాహకురాలిని చూడలేదు. ‘జీవన్‌స్మృతి’లో స్కాట్ ఇంటి బిల్లు గురించి ఒక్క మాట లేకపోవడం ఇందుకు నిదర్శనం.

ఇదే కాలపు ఉత్తరాలు 1881లో ‘యూరోప్ ప్రవాసీర్ పత్ర’గా వెలువడ్డాయి. గ్రాంథిక వంగభాష రాజ్యమేలుతున్న రోజుల్లో టాగోర్ వాటిని వ్యావహారికంలో రాశాడు. వ్యావహారిక భాషా చరిత్రపై ఆసక్తిగల తెలుగు పరిశోధకులకు ఇది పట్టించుకోదగిన విషయం. భోజనం, దుస్తులు, పలకరింపులు, ఇంటి ఆడవారి మాటలు రాయవలసివచ్చినప్పుడు రచయిత వ్యావహారికాన్ని ఎంచుకొన్నాడు.

4. గాంధీ – వారపు బిల్లు:

గాంధీ 1888 సెప్టెంబరు 4న బొంబాయిలో ఓడ ఎక్కాడు. సముద్రం దాటుతున్నందుకు కులపెద్దలు వెలివేశారు. మద్యం, మాంసం, పరస్త్రీ ముట్టనని తల్లి ఎదుట ప్రమాణం చేశాడు. లండన్‌లో డాక్టర్ ప్రాణజీవన్ మెహతా అతడికి ఇచ్చిన సలహా సారాంశం, ఈ దేశం వచ్చేది పుస్తకాల చదువుకన్నా ఇక్కడి జీవనం తెలుసుకోవడానికనీ, అందుకు ఒక కుటుంబంతో ఉండడం అవసరమనీ. కుటుంబ నివాసాన్నే పాఠ్యప్రణాళికగా భావించిన దృష్టి ఇది. నాటి న్యాయవిద్యలోనూ ఇలాంటి సూత్రమే ఉండేది. బారిస్టరు కావడానికి పరీక్షలతోపాటు, నిర్ణీత సంఖ్యలో ‘ఇన్’ విందులకు హాజరు కావలసివుండేది.

రిచ్మండ్‌లో ఒక మిత్రుడి వద్ద కొద్దిరోజులు మర్యాదలు నేర్చుకొన్నాక, వెస్ట్ కెన్సింగ్టన్‌లో ఒక వితంతువు ఇంట గాంధీ కుదురుకొన్నాడు. ఆమె గతంలో భారతదేశంలో ఉండి వచ్చిన వ్యక్తి. అంతకుముందు రిచ్మండ్ బసలో, మాంసం ముట్టని విద్యార్థికి ఏం వండాలో అక్కడి ఇంటావిడకు పాలుపోలేదు. ఉదయం ఓట్స్ జావ ఉండేది గనుక కొంత నయం. మధ్యాహ్నం, రాత్రి పాలకూర, రొట్టె, జామ్. రెండు మూడు రొట్టెముక్కలకు మించి అడగడానికి అతడికి నోరు రాలేదు. వెస్ట్ కెన్సింగ్టన్‌లో ఆ వితంతువు ఇద్దరు కూతుళ్ళు బలవంతపెట్టి ఒకటి రెండు ముక్కలు ఎక్కువ వడ్డించేవారు. ఒక రొట్టె మొత్తం తింటేగాని తన ఆకలి తీరదని వారికి తెలియదని గాంధీ రాశాడు. తర్వాత నడిచి నడిచి ఫారింగ్‌డన్ వీధిలో శాకాహార భోజనశాల కనుగొన్నాక గాని అతడు కడుపునిండా తినలేదు.

కొంతకాలానికి గాంధీ తన జమాఖర్చులు చూసుకొన్నాడు. అతడు ఇచ్చిన లెక్క ఈ వ్యవస్థ పనితీరును స్పష్టంగా చూపుతుంది. కుటుంబంతో ఉండడమంటే వారంవారం బిల్లు చెల్లించడం. అప్పుడప్పుడు ఇంటివారిని బయట విందుకు తీసుకువెళ్ళడం మర్యాద. వారితో కలిసి ఇతరుల ఇళ్ళకు విందులకు వెళ్ళాలి. బండి ఖర్చు, వెంట స్త్రీ ఉంటే ఆమె ఖర్చు మగవాడిదే. బయట తిన్న పూటకు బిల్లులో తగ్గింపు లేదు. అంటే విద్యార్థి వెలా చెల్లించాడు, అతిథి మర్యాదా పాటించాడు. బిల్లు ఇచ్చాడు గనుక మర్యాద మినహాయింపు రాలేదు, మర్యాద చేశాడు గనుక బిల్లు తగ్గలేదు.

ఈ లెక్క తేలాక గాంధీ కుటుంబాన్ని వదిలి సొంతంగా గదులు తీసుకొన్నాడు. నడకతో బండి ఖర్చు తప్పింది. తర్వాత ఒక్క గదికి మారి, స్టవ్ కొనుక్కొని, ఉదయం ఓట్స్ జావ, కోకో తానే కాచుకొన్నాడు. తర్వాతి కాలంలో దక్షిణాఫ్రికాలో రాసిన ‘గైడ్ టు లండన్’లో భారతీయ విద్యార్థి తక్కువ ఖర్చుతో బతికే మార్గాన్ని వివరంగా చెప్పాడు.

5. మొగమాటం – ఒక పరిశీలన:

గాంధీ ఆకలి ప్రసంగాన్ని సాధారణంగా ప్రతిజ్ఞా పాలనకు ఉదాహరణగా చదువుతారు. అయితే ప్రతిజ్ఞ నిషేధించింది మాంసాన్ని, రొట్టెను కాదు. నాలుగో ముక్క అడగడానికి వ్రతం అడ్డురాలేదు. వెల అడ్డువచ్చిందా అంటే అదీ కాదు. బిల్లు వారానికి, ముక్కకు కాదు. ఒంగోలు పూటకూళ్ళ ఇంట్లో పూటకు డబ్బిచ్చినవాడు మారు వడ్డన అడగడానికి సంకోచించనక్కరలేదు. వెస్ట్ కెన్సింగ్టన్‌లో వారానికి డబ్బిచ్చినవాడు సంకోచించాడు. వెల చెల్లించినా అతడు పూటకూళ్ళ ఇంటి బాటసారిలా కాక, వారాల పిల్లవాడిలా ప్రవర్తించాడు.

దీనికి కారణం వడ్డన పద్ధతిలో కనిపిస్తుంది. మన ఇళ్ళలో తినేవాడు చాలనడం మర్యాద, పెట్టేవారు ఆ మాట వినకుండా కొసరి వడ్డించడం మర్యాద. ‘చాలు’ అన్న మాటకు ఇక్కడ నిజమైన అర్థం రెండోసారికో మూడోసారికో వస్తుంది. ఈ సంభాషణకు అలవాటుపడినవాడు, ‘చాలు’ను మొదటిసారే నిజమనుకొనే బల్ల దగ్గర ఆకలితో లేస్తాడు. గాంధీ మౌనం సిగ్గరితనం మాత్రమే కాదు, రెండు వడ్డన సంప్రదాయాల మధ్య కుదరని లెక్క కూడా అని నా ప్రతిపాదన.

ఐతే ఆ ఇంటి కూతుళ్ళు బలవంతపెట్టి వడ్డించారన్న మాట ఈ వాదాన్ని ఒక మేరకు సవరిస్తుంది. కొసరి వడ్డించడం తూర్పుకే చెందిన గుణమనీ, పడమరకు అది తెలియదనీ చెప్పడానికి వీల్లేదు. ఆ అమ్మాయిలు అతడి ముఖం చూసి ఆకలి గ్రహించారు. వారి అంచనా కొలతలో తప్పిందే తప్ప గుణంలో తప్పలేదు. బిల్లు లెక్కలో ఎక్కడా చేరని ఆ రెండు రొట్టెముక్కలే ఈ కథనంలో అసలైన ఆతిథ్యం.

మొగమాటానికి మరో ముఖం ఇంటి ఆడపిల్లలతో పరిచయం. ఇంగ్లండులో విద్యార్థులు సాధారణంగా అవివాహితులు గనుక, బాల్యవివాహమైన భారతీయులు ఆ సంగతి చెప్పడానికి సిగ్గుపడి అవివాహితులుగా చలామణి అయ్యారని గాంధీ రాశాడు. తానూ అదే చేసి, ఒక వృద్ధురాలు తనకు సంబంధం కుదర్చాలనుకొంటున్నదని గ్రహించి, తనకు పెళ్ళయిందనీ కొడుకున్నాడనీ ఉత్తరం రాసి తెలిపాడు. రొట్టె అడగలేని సంకోచం, నిజం చెప్పలేని సంకోచం ఒకే మూలంలోంచి వచ్చాయి. నోటితో చెప్పలేనిది కలంతో చెప్పాడన్నది గమనించాలి.

6. నివాసం – నిఘా:

విద్యార్థుల సంఖ్య పెరిగే కొద్దీ బస వ్యక్తిగత వ్యవహారంగా మిగలలేదు. 1870లో మేరీ కార్పెంటర్ స్థాపించిన నేషనల్ ఇండియన్ అసోసియేషన్ భారతీయులకు ఆంగ్ల కుటుంబాలతో పరిచయాలు కల్పించే పని చేపట్టింది. 1905లో శ్యామ్‌జీ కృష్ణవర్మ హైగేట్‌లో ‘ఇండియా హౌస్’ తెరిచి విద్యార్థులకు ఆంగ్ల కుటుంబాలకు వెలుపల మరో వసతి చూపాడు. అది జాతీయవాదులకు కేంద్రమైంది. 1907లో ప్రభుత్వం లీ వార్నర్ అధ్యక్షతన భారతీయ విద్యార్థుల స్థితిగతులపై సంఘాన్ని వేసింది. దాని నివేదిక 1922 వరకు వెలుగుచూడలేదు. 1909 జూలై 1న మదన్‌లాల్ ధింగ్రా కర్జన్ విల్లీని కాల్చిచంపిన తర్వాత విద్యార్థులపై అనుమానం మరింత పెరిగింది. 1909లోనే విద్యార్థుల సలహా విభాగం ఏర్పడి, 1910 నుంచి 21, క్రామ్‌వెల్ రోడ్డులో పనిచేసింది. సహాయం కోసమన్న ఆ విభాగాన్ని చాలామంది విద్యార్థులు నిఘాగా భావించారు.

1914 ఏప్రిల్‌లో శ్రీనివాస రామానుజన్ లండన్‌లో మొదట దిగింది ఈ చిరునామాలోనే. కేంబ్రిడ్జిలో కొన్ని వారాలు గణితజ్ఞుడు నెవిల్ ఇంట ఉండి, తర్వాత ట్రినిటీ కళాశాల గదికి మారి తన వంట తానే వండుకొన్నాడు. గాంధీ లెక్కలు చూసి వదిలిన గృహభోజనాన్ని రామానుజన్ ఆచారం కోసం వదిలాడు. గాంధీకి శాకాహార సంఘం తోడైంది. రామానుజన్‌కు ఆ స్టవ్ దగ్గర తోడెవరూ లేరు.

7. తెలుగు కథనం – పార్వతీశం, ప్రకాశం:

మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టర్ పార్వతీశం’ తొలి భాగం 1924లో వెలువడింది. మొగల్తూరు నుంచి బయలుదేరిన పార్వతీశానికి ప్రతి మజిలీలో ఎదురయ్యే చిక్కు తిండి, బట్ట, పలకరింపులకు సంబంధించిందే. గాంధీ గంభీరంగా చెప్పిన మొగమాటాన్ని మొక్కపాటి నవ్వుగా మలిచాడు. ఈ నవ్వు పార్వతీశాన్ని చిన్నబుచ్చదు. తెలియనిదాన్ని తెలిసినట్లు నటించవలసివచ్చే స్థితిని బయటపెడుతుంది. వలస పాలితుడైన విద్యార్థికి అడగడమంటే తన అజ్ఞానాన్ని పాలకుడి ఎదుట ఒప్పుకోవడం. అందుకే అడగడు, చిక్కుల్లో పడతాడు.

ప్రకాశం 1904లో బారిస్టరు చదువుకు ఇంగ్లండు వెళ్ళాడు. పూటకూళ్ళమ్మ కొడుకు పరదేశంలో బసచేయడం ఈ చరిత్రలో ఒక విశిష్ట ఘట్టం. టాగోర్, గాంధీ ఇద్దరూ కలిగిన కుటుంబాల నుంచి వెళ్ళినవారు. డబ్బు పుచ్చుకొని అన్నం పెట్టే ఇంటిని వారు బల్లకు ఇవతలి నుంచి మాత్రమే చూశారు. ప్రకాశం బాల్యంలో ఆ ఇంటిని పొయ్యి వైపు నుంచి చూశాడు. ‘నా జీవితయాత్ర’ తొలి అధ్యాయాలను రాజకీయ నాయకుడి బాల్యకష్టాలుగా కాక, వసతిగృహం నడిపిన స్త్రీ జీవనానికి తెలుగులో లభించే సాక్ష్యంగా చదవవలసిన అవసరం ఉంది.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. విదేశీ విద్యార్థి గృహనివాసం దానానికీ వెలకూ మధ్యనున్న వ్యవస్థ. తెలుగులోని వారాలు, పూటకూళ్ళు అనే రెండు మాటలూ విడివిడిగా దానికి చాలవు, రెండూ కలిపితేనే అది అర్థమవుతుంది.

2. వెల చెల్లించడం మొగమాటాన్ని తొలగించలేదు. అన్నం ఒక ఇంట్లో, ఇంటి స్త్రీ చేతిమీదుగా రావడమే ఇందుకు కారణం.

3. ఈ కథనాల్లో విద్యార్థికి పేరు, కీర్తి, ఆత్మకథ ఉన్నాయి. ఏం వండాలో పాలుపోక తికమకపడిన ఇంటావిడ, భయపడి పారిపోయి తిరిగివచ్చిన ఆడపిల్లలు అతడి జ్ఞాపకంలో ఒకటి రెండు వాక్యాలుగానే మిగిలారు. వారి వైపు నుంచి ఈ చరిత్ర చెప్పడానికి ఆ వాక్యాలే మనకున్న దారి.

నేడు అమెరికాకు, ఇంగ్లండుకు వెళ్ళే తెలుగు విద్యార్థులు సాధారణంగా నలుగురైదుగురు కలిసి ఇల్లు అద్దెకు తీసుకొని వండుకొంటున్నారు. గాంధీ ఎంచుకొన్న స్టవ్ మార్గమే చివరకు నిలిచింది. దానివల్ల ఖర్చు తగ్గింది, మొగమాటం తప్పింది. పరాయి ఇంటిని లోపలినుంచి చూసే అవకాశమూ తగ్గింది. తెలుగు ప్రవాస సాహిత్యంలో ఆ దేశపు వీధులు, కార్యాలయాలు కనిపించినంతగా అక్కడి వంటిళ్ళు కనిపించకపోవడానికి ఇదొక కారణమా అన్న ప్రశ్న ప్రత్యేక పరిశోధనకు అర్హమైనది.